సర్కారు బాకీకి సిబిల్ లేదా?

పోయిన నెల ఒక ఆదివారం. తాండూరు పక్కన ఒక ఊరు. పొద్దున ఏడు కూడా కాలేదు. వాడలో ఆడవాళ్లు ఇంకా నల్లా దగ్గర బిందెలు పట్టుకుని నిలబడి ఉన్నారు. మోటారు సైకిల్ మీద ఇద్దరు వచ్చి, నాపరాయి పాలిషింగ్ యూనిట్‌లో కూలికి పోయే ఒక తల్లి ఇంటి ముందు ఆగారు. కొడుకు పేరు పెట్టి పిలిచారు. వాడు ఇంట్లో లేడు. బీటెక్ పట్టా పెట్టెలో ఉంది, పట్టా ఉన్నవాడు హైదరాబాద్‌లో బండి మీద అన్నం పొట్లాలు మోస్తున్నాడు.

"చదువుకు తీస్కున్న పైసలు ఎగ్గొట్టి యాడ దాక్కున్నడు? ఎనిమిది లచ్చలు! మీ అసొంటోళ్లకు అప్పు ఇచ్చుడే బ్యాంకు తప్పు" అని వాడంతా వినేటట్టు అరిచారు. ఒకడు ఫోను తీసి ఇంటి తలుపును ఫొటో కొట్టుకున్నాడు. పోతూ పోతూ పక్కింటి ముసలాయనతో "ఇగ ఈళ్ల ఇల్లు జప్తే" అని చెప్పి పోయారు.

'మీ అసొంటోళ్లు' అంటే ఎవరని వాడలో ఎవరూ అడగలేదు. అందరికీ తెలుసు.

ఆ తల్లి ఆ రోజే మా దగ్గరికి వచ్చింది. కాయిదాలు ఒక యూరియా సంచిలో మడిచి తెచ్చింది. ఏడ్వలేదు. ఒకే మాట అడిగింది: "సారూ, మేం దొంగలమా?"

జవాబు మొదలే చెప్తున్నాం. కాదక్కా. ఈ బాకీలో మొదట ఎగ్గొట్టింది సర్కారు. ఆ తర్వాత కాలేజీ. ఆ తర్వాత బ్యాంకు. మీ కొడుకు నాలుగోవాడు. కానీ లెడ్జర్‌లో పేరెక్కింది నాలుగోవాడిది ఒక్కటే. ఎట్లనో కాయిదాలు చూసి చెప్తాం, వినండి.

పిల్లవాడు 2012లో హైదరాబాద్ శివారులో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో చేరాడు. కౌన్సెలింగ్ సీటే, అంటే ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉన్న సీటే. సర్కారు కడతానన్నది. కాలేజీవాళ్లు మాత్రం "సర్కారు పైసలు ఎప్పుడొస్తయో దేవునికెరుక, ముందు మీరు కట్టుండ్రి, అవి వచ్చినంక మీయి మీకిస్తం" అన్నారు. ఫీజు, హాస్టలు, బస్సు కలిపి ఏడాదికి 75,000. రాళ్లు మోసే ఇంట్లో 75,000 ఎక్కడివి? బ్యాంకుకు పోయారు. నాలుగేళ్లకు నాలుగు 75 వేలు, మొత్తం 3 లక్షలు. మిత్తి నూటికి నెలకు రూపాయి, ఏడాదికి 12. తర్వాత సర్కారు పైసలు ఆలస్యంగానైనా కాలేజీకి చేరాయి. పిల్లవాడికి తిరిగి రాలేదు. అడగబోతే ఒరిజినల్ సర్టిఫికెట్లు లోపల పెట్టుకుని కూచున్నారు. అవి చేతికి రావడానికే ఏడాది పట్టింది. సర్టిఫికెట్లు లేకుండా ఏ కంపెనీ వాడు ఉద్యోగం ఇస్తాడు?

ఇక బ్యాంకు సంగతి. 2009-10 విద్యా సంవత్సరం నుంచి కేంద్ర ప్రభుత్వానికి ఒక పథకం ఉంది. ఇంటి ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షల లోపు ఉండి, పిల్లవాడు వృత్తి విద్య, సాంకేతిక విద్య చదివితే, చదువు కాలానికీ ఆ పైన ఏడాదికీ పడే మిత్తి మొత్తం కేంద్రమే కడుతుంది. తహసీల్దారు ఇచ్చిన ఆదాయం సర్టిఫికెట్ చూసి బ్యాంకే క్లెయిము పంపాలి. ఆ క్లెయిములు చూసే నోడల్ బ్యాంకు కెనరా బ్యాంకు. ఈ పిల్లవాడి ఆదాయం సర్టిఫికెట్ బ్యాంకు ఫైలులోనే ఉంది. క్లెయిము పోయిన గుర్తు మాత్రం ఖాతా స్టేట్‌మెంట్‌లో ఎక్కడా లేదు.

మేం బడిలో లెక్కలు చెప్పేవాళ్లం కనుక నల్లబల్ల మీద వేసి చూశాం. మొదటి 75 వేల మీద ఏడాదికి 9,000 చొప్పున అయిదేళ్లు, 45,000. రెండోదాని మీద నాలుగేళ్లు, 36,000. మూడోదాని మీద 27,000. నాలుగోదాని మీద రెండేళ్లు, 18,000. మొత్తం 1,26,000. ఇది కేంద్రం కట్టాల్సిన పైసలు. పిల్లవాడివి కావు. 2017లో బ్యాంకు దీన్ని తీసుకుపోయి అసలులో కలిపింది. 3 లక్షల అసలు 4,26,000 అయ్యింది. మధ్యలో కట్టిన నాలుగైదు కిస్తీలు పక్కన పెట్టి, చక్రవడ్డీ కూడా వద్దని సాదా మిత్తే వేసినా, ఎనిమిదేళ్లకు అది 8,34,960. అదే 3 లక్షల మీద వేస్తే 5,88,000. తేడా దాదాపు రెండున్నర లక్షలు. ఆ రెండున్నర లక్షల కోసం కూడా కలిపే వాడలో అరిచి పోయారు.

మరి ఎవరు ఎగ్గొట్టినట్టు?

సర్కారు సంగతి వేరే చెప్పాలా? ఉమ్మడి రాష్ట్రంలో 2008 నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ పెద్ద ఎత్తున నడిచింది. దాన్ని చూసి కాలేజీలు పుట్టగొడుగుల్లా లేచాయి. రాష్ట్రం విడిపోయింది, ముఖ్యమంత్రులు మారారు, జెండాలు మారాయి, బకాయి మారలేదు. 2025 నవంబరు మొదటి వారంలో ప్రైవేటు కాలేజీలు ఆ బకాయిల కోసం బంద్ పెట్టాయి. యాజమాన్యాలు పెద్దోళ్లు కనుక సర్కారు పిలిచి కూచోబెట్టి మాట్లాడింది. మాట్లాడొద్దని మేం అనం. కానీ బకాయి పడ్డ సర్కారు గుమ్మం ముందు పొద్దున ఏడు గంటలకు ఎవడైనా నిలబడి అరిచాడా? సచివాలయం తలుపు ఫొటో తీశాడా? సర్కారుకు సిబిల్ స్కోరు ఎంత?

ఈ సిబిల్ అంటే ఏందని వాడల్లో చాలామంది అడుగుతున్నారు. 2000లో పెట్టిన కంపెనీ అది. దేశంలో ఎవడు ఏ బ్యాంకులో అప్పు తీసుకున్నాడు, కిస్తీ ఏ తారీఖున కట్టాడు, ఏ నెల తప్పాడు అన్నీ రాసిపెట్టుకుంటుంది. దాన్నిబట్టి మనిషికి 300 నుంచి 900 దాకా మార్కులేస్తుంది. ఇట్లాంటివి మొత్తం నాలుగు కంపెనీలున్నాయి. 2005లో వీటికి చట్టం కూడా చేశారు. పాతకాలంలో పట్వారీ దగ్గర ఒక బుక్కు ఉండేది. అందులో ఏం రాశాడో మనకు చూపించడు, చూపించినా మనకు చదవరాదు. అతను రాసిందే మన భూమి, మన బతుకు. పటేల్ పట్వారీలు 1984లో పోయారు. బుక్కు పోలేదు, కంప్యూటర్‌లోకి ఎక్కింది. తేడా ఒకటే: ఇప్పుడు మనకు చదవొచ్చు. చదవడం లేదు, అదే మా బాధ.

ఆ బుక్కులో పిల్లవాడి పేరు ఒక్కటే ఉండదు. తల్లో తండ్రో అప్పులో కూడా సంతకం పెట్టి ఉంటారు. మూడు నెలలు, అంటే 90 రోజులు కిస్తీ తప్పితే అది మొండి బాకీ. అప్పుడు తల్లి పేరు మీద కూడా ఎర్ర గీత పడుతుంది. ఆ తర్వాత ఆమెకు పంట రుణం అడిగినా, బర్రెల లోను అడిగినా, "నీ సిబిల్ బాగలేదమ్మా" అంటారు. నిజాం కాలంలో బాగేలా అని ఉండేది. తాత చేసిన బాకీకి మనవడు దొర ఇంట్లో జీతం ఉండేవాడు. ఇప్పుడు కొడుకు చదువు బాకీకి తల్లి కట్టుబడి పోతున్నది. ఎనక నుంచి ముందుకు నడిచింది ముందు నుంచి ఎనక్కు నడుస్తున్నది, అంతే.

మా సంగతి కూడా చెప్పాలి, దాస్తే తప్పు. మాలో ఒక పంతులు ఇట్లాంటి లోనుకే జామీను సంతకం పెట్టాడు. నాలుగు లక్షల దాకా విద్యా రుణానికి జామీను అడగొద్దని 2001 నుంచి నమూనా పథకంలో ఉంది. 2015లో కేంద్రం గ్యారంటీ నిధి పెట్టాక ఆ పథకం కింద ఏడున్నర లక్షల దాకా జామీను లేదు, తాకట్టు లేదు. అయినా ఆ మేనేజర్ "ఒక గవర్నమెంటు ఉద్యోగిని తీస్కరా" అన్నాడు. వాడలో గవర్నమెంటు ఉద్యోగి ఎవరుంటారు? పంతులే. రూల్ తెలియక పెట్టాడు. ఇప్పుడు ఆయన ఇంటి లోను ఆగిపోయింది. చదువుకున్న మాకే రూల్ తెలియకపోతే, యూరియా సంచి పట్టుకుని వచ్చిన అక్కను ఏమనాలి?

మా తరం సంక్షేమ హాస్టళ్లలో చదివింది. పురుగుల అన్నం తిన్నాం, ట్రంకు పెట్టె మీద పడుకున్నాం, వానకు తడిశాం. కానీ బయటికి వచ్చినప్పుడు మా నెత్తిన బాకీ లేదు. షెడ్యూల్డు కులాల పిల్లలకు మెట్రిక్ తర్వాత చదువుకు సర్కారు స్కాలర్‌షిప్పు 1944లో మొదలైంది. అప్పుడు బాబాసాహెబు వైస్రాయ్ కౌన్సిల్‌లో ఉన్నాడు. ఆయనకు అప్పు చేసి చదవడమంటే ఏందో తెలుసు. 1913లో బరోడా మహారాజు స్కాలర్‌షిప్పు మీద అమెరికా పోయాడు, పదేళ్లు బరోడాలో కొలువు చేస్తానని ఒప్పుకుని. 1917లో ఆ కొలువుకు పోతే అంటరానివాడని అద్దెకు ఇల్లు ఇచ్చినవాడు లేడు. 1920లో మళ్లీ లండన్ పోవడానికి తన పొదుపు, షాహూ మహారాజు సాయం చాలక నవల్ భతేనా అనే పార్సీ స్నేహితుని దగ్గర 5,000 అప్పు తీసుకున్నాడు. కనుక అప్పు చేసి చదువుకోవడం సిగ్గని ఎవరూ అనుకోవద్దు. ఆయన స్కాలర్‌షిప్పు కోసం కొట్లాడింది తర్వాతి పిల్లలు స్నేహితుల దగ్గర, షావుకార్ల దగ్గర చెయ్యి చాచొద్దని. ఈ సర్కార్లు స్కాలర్‌షిప్పును బకాయి పెట్టి పిల్లల్ని మళ్లీ షావుకారు గుమ్మానికే నడిపిస్తున్నాయి. షావుకారు పేరు బ్యాంకు, అంతే తేడా.

ఈ సంగతి మీద పోయిన పక్షం వికారాబాద్‌లో కూచున్నప్పుడు మనవాళ్లలోనే రెండు మాటలు వచ్చాయి.

ఒకరు అన్నారు: "ఎవ్వడూ కట్టొద్దు. పెద్ద పెద్ద కంపెనీలయి కొట్టేస్తలేరా?" నిజమే. 2014-15 నుంచి 2023-24 దాకా పదేళ్లలో బ్యాంకులు 16 లక్షల 35 వేల కోట్ల మొండి బాకీలను లెక్కల్లోంచి రాసివేశాయని 2025 మార్చిలో పార్లమెంటులోనే చెప్పారు. రాసివేత అంటే మాఫీ కాదు, వసూలు నడుస్తూనే ఉంటుందని బ్యాంకులు అంటాయి. అవును, కాయిదం మీద తేడా ఉంది. కానీ ఆ వసూలుకు ఏ సేటు ఇంటి ముందు ఆదివారం పొద్దున మోటారు సైకిల్ ఆగింది? కోపం న్యాయమే. అయినా 'కట్టొద్దు' అని మైకులో చెప్పి మనం ఇంటికి పోతాం, ఎర్ర గీత ఆ తల్లి పేరు మీద ఉంటుంది. మన నినాదానికి ఆమె మిత్తి కట్టాలా?

ఇంకొకరు పెద్దమనిషి అన్నారు: "ఇజ్జత్ పోయింది. ఉన్న ఎకరం అమ్మి కట్టేస్తే పీడ పోతది." దీనికి మేం ఇంకా గట్టిగా అడ్డం. ఆ ఎకరం సర్కారు ఇచ్చిన అసైన్డ్ భూమి. 1977 నాటి 9వ చట్టం ప్రకారం దాన్ని అమ్మడానికే లేదు. కొన్నవాడు రేపు ఎదురు తిరుగుతాడు, భూమీ పోతుంది, పైసలూ పోతాయి. ఇజ్జత్ పోయింది ఎవరిది? సర్కారు కట్టాల్సిన 1,26,000 ఆ తల్లి నెత్తిన రాసినవాడిది పోవాలి.

మా మాట ఇది. బాకీని మొత్తం కాదనం, మొత్తం ఒప్పుకోం. లెక్క అడుగుతాం. మనది మనం కడతాం, సర్కారుది సర్కారు కట్టాలె, బ్యాంకు తప్పు బ్యాంకు దిద్దుకోవాలె.

లెక్క అడగాలంటే కాయిదం కావాలి. ముందు బ్యాంకుకు రాసి మొదటి రోజు నుంచి ఇప్పటిదాకా ఖాతా స్టేట్‌మెంటు తీసుకోండి. అందులో మిత్తి రాయితీ పడిందా లేదా చూడండి. పడకపోతే ఎందుకు పడలేదో రాతపూర్వకంగా అడగండి, నకలు మీద ముద్ర వేయించుకోండి. నోటిమాట నమ్మొద్దు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగ్గా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు పెట్టవచ్చు. పైసా ఖర్చు లేదు, వకీలు అక్కర్లేదు. 14448 కు ఫోను చేస్తే ఎట్ల పెట్టాలో చెప్తారు.

సిబిల్ కాయిదం కూడా తీయండి. నాలుగు కంపెనీల్లో ఒక్కొక్కటి ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. మేం చూసిన రిపోర్టుల్లో తప్పులు బాగా ఉన్నాయి. ఒకే లోను రెండుసార్లు ఎక్కింది ఒకదాంట్లో. కోర్టుకే పోని బాకీకి 'దావా వేశాం' అని రాసి ఉంది ఇంకొకదాంట్లో. తప్పును ఎత్తిచూపి రాస్తే 30 రోజుల్లో తేల్చాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం మనకు ఇవ్వాలని 2024 ఏప్రిల్ నుంచి రూలు. ఇవ్వరు, అడిగితేనే ఇస్తారు.

ఇల్లు జప్తు అని బెదిరించారు కదా. తాకట్టు లేని అప్పుకు 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద ఇల్లు ముట్టుకోవడానికి లేదు. తాకట్టు పెట్టినా సాగు భూమికి ఆ చట్టం వర్తించదు. 20 లక్షల లోపు బాకీకి రుణ వసూలు ట్రిబ్యునల్ కూడా లేదు. బ్యాంకు మామూలు సివిల్ కోర్టుకు పోయి డిక్రీ తెచ్చుకోవాలి. డిక్రీ తెచ్చినా కూలివాడు, రైతు ఉంటున్న సొంత ఇల్లు, కూలి పైసలు జప్తు చేయొద్దని సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ చెప్తుంది. దావా వేయడానికి గడువు మూడేళ్లు. ఆ గడువు కాపాడుకోవడానికే బ్యాంకువాళ్లు నడుమ నడుమ ఒక కాయిదం తెచ్చి "ఊకె సంతకం పెట్టమ్మా" అంటారు. ఊకె పెట్టే సంతకం అనేది లోకంలో లేదు. వకీలుకు చూపకుండా పెట్టొద్దు. అయితే గడువు దాటింది కదా అని సంబరపడొద్దు, కోర్టు దారి మూసుకుంటుంది గాని సిబిల్ గీత చెరిగిపోదు.

వసూలుకు వచ్చేవాడి దగ్గర బ్యాంకు ఇచ్చిన అధికార పత్రం, గుర్తింపు కార్డు ఉండాలి. పొద్దున 8కి ముందు, రాత్రి 7 తర్వాత బాకీ కోసం కదిలించొద్దని, నలుగురిలో అవమానించొద్దని, ఇంటివాళ్లను స్నేహితులను వేధించొద్దని 2022 ఆగస్టులో రిజర్వు బ్యాంకు మళ్లీ చెప్పింది. ఏజెంటు చేసిన దానికి బ్యాంకే జవాబుదారి. కులం పేరుతో తిడితే 1989 అట్రాసిటీ చట్టం ఉంది. ఆ ఆదివారం వచ్చినవాళ్లు కులం పేరు ఎత్తలేదు, 'మీ అసొంటోళ్లు' అన్నారు. అది కేసుకు నిలవడం కష్టమని వకీలు అన్నాడు. వాళ్లకూ తెలుసన్నమాట ఎక్కడ ఆగాలో. 2016 జులైలో మదురైలో ఒక ఇంజనీరింగ్ పట్టభద్రుడు విద్యా రుణం వసూలు ఒత్తిడి తట్టుకోలేక ప్రాణం తీసుకున్నాడని ఇంటివాళ్లు ఏడ్చారు. తలుపు కొట్టిన రోజే నలుగురం పోయి నిలబడాలి. మన సంఘాలు చేయాల్సిన మొదటి పని ఇదే.

రాజీకి పిలుస్తారు. లోక్ అదాలత్‌లో కూచోవచ్చు, మనకు 1987 చట్టం కింద ఉచితంగా వకీలును ఇస్తారు. నచ్చకపోతే ఒప్పుకోవాల్సిన పని లేదు. ఒప్పుకున్నాక మాత్రం అప్పీలు లేదు. బ్యాంకు తగ్గించి తీసుకుంటే రిపోర్టులో 'సెటిల్డ్' అని పడుతుంది. అది కూడా మచ్చే. మొత్తం కట్టినట్టు 'క్లోజ్డ్' అని పడాలి. అందుకే బేరం ఆడేటప్పుడే మిత్తి రాయితీ తీసేసి అసలు లెక్క తేల్చమనండి, తేలినదాన్ని కట్టి ఖాతా మూయించండి. బాకీ లేదనే కాయిదం చేతికి వచ్చేదాకా ఆఖరు పైసా ఇవ్వొద్దు అని కొందరంటారు, అది కుదరదు. ఏ మొత్తం కడితే ఆ కాయిదం ఇస్తారో ముందే ఉత్తరం రాయించుకోండి, అది చాలు.

ఇంకొక సంగతి. తాండూరులో, వికారాబాద్‌లో కొన్ని ఆన్‌లైన్ సెంటర్ల దగ్గర "సిబిల్ సాఫు చేస్తం, పదివేలు" అనే బ్రోకర్లు తయారయ్యారు. నిజంగా తప్పిన కిస్తీని ఎవడూ చెరపలేడు, ఆ చరిత్ర ఏళ్ల తరబడి ఉంటుంది. తప్పు రాత ఉంటే దాన్ని మనమే ఉచితంగా దిద్దించుకోవచ్చు. ఖాతా మూసినాక ఏదైనా చిన్న అప్పు తారీఖు తప్పకుండా కడుతూ పోతే మార్కులు మెల్లగా లేస్తాయి. పదివేలు బ్రోకర్‌కు ఇవ్వడమంటే కాలేజీకి ఒకసారి, బ్యాంకుకు ఒకసారి, ఇతనికి ఒకసారి కట్టడమే.

2025 జూన్‌లో మద్రాసు హైకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. పరీక్ష పాసై బ్యాంకు ఉద్యోగం వచ్చినవాణ్ని సిబిల్ బాగలేదని తీసేస్తే, తీసేయడం సరైనదే అన్నది. కిస్తీ కట్టడానికి ఉద్యోగం కావాలి, ఉద్యోగానికి కిస్తీ కట్టి ఉండాలి. ఇది ఏ శాస్త్రమో మాకు అర్థం కాలేదు. 2023 మేలో కేరళ హైకోర్టు మాత్రం వేరేగా చెప్పింది. స్కోరు తక్కువని విద్యా రుణం కాదనొద్దు అన్నది. ఆ అక్క చిన్నబిడ్డకు నర్సింగ్ సీటు వచ్చింది. అన్న బాకీ చూపించి బ్యాంకు ఆ పిల్లకు లోను ఇవ్వనన్నది. కేరళ తీర్పు నకలు పెట్టి మళ్లీ దరఖాస్తు రాయించాం. ఇక్కడి కోర్టులను అది కట్టిపడేయదు, అయినా మేనేజర్ రాతలో జవాబు చెప్పాల్సి వస్తుంది.

మిత్తి రాయితీ ఎందుకు పడలేదని ఆ అక్క పేరున పెట్టిన ఉత్తరానికి ముద్ర పడి పన్నెండు రోజులైంది. ఇవాళ్టిదాకా జవాబు రాలేదు. ముప్పయ్యో రోజు దాటగానే అంబుడ్స్‌మన్‌కు పోతాం. మూడు నెలలకొకసారి కలెక్టర్ దగ్గర జిల్లా బ్యాంకర్ల మీటింగ్ జరుగుతుంది. వికారాబాద్ జిల్లాలో మన పిల్లల విద్యా రుణాలెన్ని, అందులో మిత్తి రాయితీ పడినవెన్ని అనే లెక్క ఆ మీటింగ్‌లో పెట్టాలని అర్జీ ఇస్తున్నాం. రీయింబర్స్‌మెంటు ఆలస్యమైనన్ని రోజుల మిత్తి సర్కారే కట్టాలని కూడా అందులో రాశాం. ఒక్క ఇంటి కాయిదాలతో ఆ అర్జీ నిలవదు.

వచ్చే నెల రెండో ఆదివారం పొద్దున పదింటికి తాండూరులో అంబేద్కర్ విగ్రహం దగ్గర కూచుంటున్నాం. యాలాల, బషీరాబాద్, పెద్దేముల్, ధారూరు వైపు నుంచి వచ్చేవాళ్లు లోను మంజూరు కాయిదం, ఖాతా స్టేట్‌మెంటు, చేరిన ఏడాది ఆదాయం సర్టిఫికెట్, కాలేజీ రసీదులు ఏవుంటే అవి తెచ్చుకోండి. పిల్లవాడు రాలేకపోతే తల్లి రావాలి. సంచిలో మడిచి తెచ్చినా పర్వాలేదు.